హాల్లో బెంచీలు లేవు

ముందే చెప్తున్న. నడుమల ఎవరన్న "రైలు సప్పుడై ఉంటది లే" అన్నరనుకో... ఈ చాయ్ గ్లాసు ఇక్కడ్నే పెట్టి లేసి పోత. ఆ మాట విని విని నా చెవులు తూట్లు పడ్డయి. ఇది ఎవరో చెప్తే విన్నది కాదు. నాకు జరిగింది. ఆదివారం చర్చిల పాట పాడే నోరు ఇది, ఈ నోటితోని ఒక్క ముక్క కలిపి చెప్పను.

రజితా, అప్పుడే నవ్వుతున్నవు. నవ్వు నవ్వు. అయిపోయినంక చూస్త.

రాష్ట్రం ఇంక ఒక్కటిగ ఉన్న రోజులు. ఎటు చూసినా కాల్ సెంటర్లు. ఇంగ్లీషుల నాలుగు ముక్కలు మాట్లాడితే నౌకరీ ఖాయం అని ఊరు ఊరంత స్పోకెన్ ఇంగ్లీషు క్లాసుల మీద పడ్డది. నేను ప్రకాశ్ సార్ ఇన్‌స్టిట్యూట్‌ల చెప్తుంటి. ఆఫీసు మా రెజిమెంటల్ బజార్ ఇంటికి నడిచే దూరమే. గాని శని, ఆదివారాల బ్యాచ్ మాత్రం బొల్లారంల. అక్కడ ఎప్పుడో మూతబడ్డ బడి ఒకటుండె. పెంకుల కప్పు, మందం గోడలు, ఒకే ఒక పెద్ద హాలు. సార్ దాన్ని కిరాయికి పట్టిండు.

మొదట్ల ఆ హాల్లో బడి నాటి బెంచీలే ఉండె. ఇనుప కాళ్ళవి. ఇంత పొడుగు. కూసున్నోళ్ళు లేస్తే చాలు... షాబాద్ బండల మీద గర్ర్ర్ర్... మని రాసుకునేది. పండ్లు జివ్వుమంటుండె. సార్ వాటన్నిటిని పాత సామానోనికి ఇచ్చేసి ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు దించిండు. ఒక్క బెంచీ మిగలలే. బండల మీద వరసలు వరసలుగ వాటి కాళ్ళ తుప్పు మచ్చలే మిగిలినయి. ఈ ముచ్చట యాదిల పెట్టుకోండ్రి.

ఆ బ్యాచ్ నాది. నాది అంటే... నేను తెచ్చుకున్నది. అంత ఆడోళ్ళే. బట్టల దుకాణాలల్ల నిలబడేటోళ్ళు, కుట్టుమిషన్ కుట్టేటోళ్ళు, ఇద్దరు పిల్లల తల్లులు. మా బజార్ల దుకాణం దుకాణం తిరిగి, "రా అక్కా, నేను నేర్పిస్త" అని బతిమిలాడి పోగుచేసిన. నేను లోపటికి పోతే అందరు ఒక్కసారి లేసి నిలబడి "గుడీఈఈవినింగ్ మేడం" అని రాగం తీస్తుండె. నేను సిట్ డౌన్ అంటే కూసునేటోళ్ళు. అయిపోయినంక యూ మే గో అంటే పోయేటోళ్ళు. మనం సుత బడిల గట్లనే కదా పెరిగినం.

పద్మ అని ఒకామె ఉండె. చీరల దుకాణంల పనిచేసేది, చిన్నప్పుడే బడి బంజేయించిన్రు ఆమెను. ఒకనాడు నాతోని అన్నది, "మేడం, ఇంగ్లీషు వస్తదో రాదో నాకు తెల్వదు గాని, గిట్ల లేసి నిలబడి గుడీవినింగ్ అంటే మల్ల బడికి పోయినట్టు అనిపిస్తది" అని. ఆ మాటకు నాకు కండ్లల నీళ్ళు తిరిగినయి. అసొంటి బ్యాచ్ అది.

గప్పుడు దిగింది ఫియోనా.

స్కాట్లాండ్ పిల్ల. ఇరవై నాలుగో ఇరవై ఐదో ఉంటయి. దేశం చూద్దామని వచ్చింది, చూసుకుంట చూసుకుంట ఇంగ్లీషు చెప్పుకుందామనుకున్నది. సార్‌కు ఎట్ల దొరికిందో ఏమో, దొరికిన తెల్లారే గోడలకు పోస్టర్లు. ఆమె మొఖం ఇంత పెద్దగ. "విదేశీ టీచర్‌తో ఇంగ్లీషు!" నేను ఎన్ని ఏండ్ల నుంచి గొంతు చించుకున్నా నా పేరు ఒక్క చీటీ మీద సుత వెయ్యలే.

సార్ నన్ను పిలిచి మెల్లగ చెప్పిండు. "గ్రేస్ మేడం, బొల్లారం బ్యాచ్ ఇగ ఫియోనాకు ఇచ్చేద్దాం. శనివారం అలవాటు చేసుకుంటది. ఆదివారం నౌకర్లిచ్చే కాల్ సెంటర్ కంపెనీవాళ్ళు చూస్తానికి వస్తున్నరు. మీరు ఎనక నిలబడి, అర్థం కానోళ్ళకు జెర తెలుగుల చెప్పుండ్రి."

ఎనక నిలబడి!

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా బ్యాచ్‌కు నేను ఎనక నిలబడాల్నా? నేను లేకుంటే వాళ్ళు ఆ గడప తొక్కుతుండిరా? గాని ఇంట్ల అమ్మకు బాగలేకుండె, నౌకరీ పోతే ఎట్ల... తల ఊపి వచ్చేసిన. ఊపిన తలను ఇంటికొచ్చి గోడకేసి కొట్టుకుందామనిపించింది.

శనివారం ఇద్దరం ఆటోల బయలుదేరినం. ఆమెకు సంబురమే సంబురం. రేపు క్లాసు అయినంక కాప్రా చెరువుకు పోదామా, అక్కడ పక్షులుంటయంట కదా, బిర్యానీ ఎక్కడ బాగుంటది, గాజులు ఎక్కడ కొనాలె... ఒకటే ముచ్చట్లు. నేను ఊఁ, ఊఁ అంటున్న. ఆమె తప్పేం లేదని నాకు తెలుసు. తెలిసినా నా కడుపు మండుడు ఆగుతదా?

హాల్లోకి పోంగనే నా వాళ్ళు లేసిన్రు. గుడీఈఈ... అని ఎత్తుకున్నరో లేదో ఫియోనా రెండు చేతులు ఊపింది. వద్దు వద్దు, లేవద్దు, మేడం అనద్దు, నన్ను పేరు పెట్టి పిలవుండ్రి అన్నది. రాగం నడుమల తెగింది. కొందరు కూసున్నరు. కొందరు సగం లేసి అట్లనే వంగి ఉన్నరు. పద్మ నా దిక్కు చూసింది. నేను తల దించుకున్న.

క్లాసు మంచిగనే చెప్పింది, ఆ మాట అబద్ధం ఆడను. ఆటలు ఆడిపిచ్చింది, నవ్విచ్చింది. అయిపోయినంక చెయ్యి ఊపి "బై!" అన్నది. ఒక్కరు కదలలే. సంచులు ఒళ్ళె పెట్టుకోని అట్లనే కూసున్నరు. ఆమె మల్ల బై అన్నది. ఊహూఁ. అందరు మెడలు తిప్పి ఎనక నిలబడ్డ నన్ను చూస్తున్నరు. ఇగ నేను "యూ మే గో" అన్న. గప్పుడు లేసిన్రు.

వాళ్ళు పోయినంక మేమిద్దరమే మిగిలినం. రేపు కంపెనీవాళ్ళు వచ్చేసరికి కుర్చీలన్ని గుండ్రంగ ఉండాలె అన్నది ఫియోనా. వరసలు వద్దంట. సరే తల్లి, కానియ్యి. ఎత్తి ఎత్తి గోడల పొంటి గుండ్రంగ పెట్టినం. నడుమల అంత ఖాళీ. ఉత్త బండలు, ఆ తుప్పు మచ్చలు. చలికాలం గాబట్టి అప్పటికే బయట చీకటైంది. సందు చివర కిరాణా దుకాణంల రేడియో ఇనిపిస్తనే ఉండె.

ఆఖరు కుర్చీ పెడుతుంటే ఆ పిల్ల నా భుజం మీద చెయ్యి ఏసి అన్నది. "గ్రేస్, నీకిప్పుడు జెర సుఖమనిపిస్తుందా? ఈ బ్యాచ్ నాతోని అయితలేదు, ఎవరన్న తెచ్చిపెట్టుండ్రి అని నువ్వే అడిగినవంట కదా. ప్రకాశ్ చెప్పిండు."

ఏందీ?

నేను అడిగిన్నా? నాతోని అయితలేదా?

అగో... ఆ నిమిషంల నాకు ఏమైందో నాకే తెల్వదు. ఇన్ని దినాలు మింగినదంత ఒక్కసారి బయటికొచ్చింది. ఇంగ్లీషుల తిట్టిన, తెలుగుల తిట్టిన. ప్రకాశ్ సార్‌ను, పోస్టర్‌ను, ఆ ఎర్ర కుర్చీలను, అన్నిటిని తిట్టిన. పాపం ఆ పిల్ల మొఖం తెల్లగ పాలిపోయింది. నాకు తెల్వదు గ్రేస్, నిజంగ నాకు తెల్వదు అంటున్నది. నేను ఇంటున్ననా?

గప్పుడే కరెంటు పోయింది.

పోతే పోనీ. నేను ఆగలే. కిటికీలకెళ్ళి జెరంత వెలుతురు పడుతున్నది, ఎర్ర కుర్చీలు నల్లగ కనిపిస్తున్నయి. "క్లాసు ఎట్ల చెప్తరో చూస్తవా? నా క్లాసు ఎట్ల షురూ అయితదో చూస్తవా?" అనుకుంట పోయి ముందటి బల్ల కాడ నిలబడ్డ. అరచెయ్యితోని బల్ల మీద ఒక్కటి కొట్టిన. ఆ ఖాళీ హాలు దిక్కు చూసి, రోజు ఎట్ల అంటనో గట్లనే, గొంతు లేపి...

"గుడీవినింగ్ క్లాస్!"

అన్న.

...

గర్ర్ర్ర్ర్ర్...

వినుండ్రి. జెర సప్పుడు చెయ్యకుండ వినుండ్రి. ప్లాస్టిక్ కుర్చీ జరిగితే ఎట్లుంటది? కిర్రుమంటది, ఉత్త కిర్రు. ఇది అది కాదు. ఇనుము. బండ మీద ఇనుము. ఒక్క బెంచీ కాదు. ముందటి వరస, దాని ఎనక వరస, దాని ఎనకది... ఆ చివరి గోడ దాక. అన్ని ఒక్కసారి. క్లాసు క్లాసంత లేసి నిలబడితే ఎట్ల వస్తదో... గట్ల.

బండల సప్పుడు నా చెప్పులల్లకెళ్ళి మోకాళ్ళ దాక వచ్చింది.

తర్వాత నిశ్శబ్దం.

కుర్చీలు గోడల పొంటి ఎట్లున్నయో గట్లనే ఉన్నయి. నడుమల ఖాళీ. ఏం లేదు. ఏం కనిపిస్తలేదు. గాని ఖాళీ హాలుకు ఒక తీరు ఉంటది కదా... మాట అంటే మోగుతది. ఇందాక నేను తిట్టినప్పుడు మోగింది. ఇప్పుడు ఫియోనా "గ్రేస్?" అన్నది, ఆ మాట మోగలే. నిండుగ ఉన్న హాల్లో అన్నట్టు అక్కడ్నే ఆగిపోయింది.

మల్ల ఇంకొకటి విన్న. ఇది చెప్తే నాకిప్పటికీ చేతుల మీద రోమాలు లేస్తయి. చూడుండ్రి, లేసినయా లేదా? పాట ఎత్తుకునే ముందట అందరు ఒక్కసారి ఊపిరి పీలుస్తరు... చర్చిల కాయిర్ల పాడేదాన్ని, నాకు తెలుసు ఆ సప్పుడు. హుఁ... అని. గుడీవినింగ్ మేడం అనే ముందట పీల్చే ఊపిరి.

పీల్చిన్రు. అంతే. అనలే.

ఫియోనా వచ్చి నా చెయ్యి పట్టుకున్నది. ఇద్దరం తలుపు దిక్కు చూసినం. తలుపు హాలు ఆ చివరకు. పోవాలంటే ఆ నడుమలకెళ్ళే పోవాలె. ఆ పిల్లకు నాకంటె ధైర్యం ఎక్కువ. ముందుగాల తనే అన్నది, "ప్లీజ్... సిట్ డౌన్."

ఏం లేదు.

మల్ల అన్నది. జెర గట్టిగ. "సిట్ డౌన్, ఎవ్రీబడీ."

ఏం లేదు. ఒక్క బెంచీ కదలలే. నిలబడే ఉన్నరు. నేను ఎట్ల చెప్తున్న అంటే... నిలబడ్డ మందిల ఉండే బరువు, అది తెలుస్తది. మనిషి మీద మనిషి నీడ పడ్డట్టు.

ప్రభువా ప్రభువా అనుకుంటున్న లోపట. ఎంత సేపో తెల్వదు. ఆఖరికి... నాకు మల్ల కోపమొచ్చింది. నవ్వకుండ్రి, నిజం. మొన్న ఒకడు ఎనక నిలబడు అనబట్టె, ఒకామె సుఖమనిపిస్తుందా అనబట్టె, ఇప్పుడు మీరు సుత నన్ను బెదిరిస్తరా? నా హాల్ల? కడుపులకెళ్ళి అరిసిన.

"సిట్! డౌన్!"

గర్ర్ర్ర్ర్ర్...

కూసున్నరు.

ముందటి వరస, ఎనక వరస, చివరి గోడ దాక. తర్వాత చిన్న సప్పుడు... ఎవరో ఆలస్యంగ కూసున్నట్టు. ఒక్క బెంచీ. గర్ర్... ఇగ ఏం లేదు.

ఎట్ల దాటినమో ఆ హాలు, నాకు యాదికి లేదు. ఫియోనాను లాక్కుంట ఉరికిన. నడుమల ఒక కాడ చల్లగ తగిలింది, అది గాలో ఏందో. బయట వరండాల వాచ్‌మన్ భార్య లచ్చమ్మ దీపం పెట్టుకోని బియ్యం చెరుగుతున్నది. మమ్మల్ని చూసి చేట కింద పెట్టింది.

"ఏమైంది మేడం? ఆడోళ్ళంత పోయినంక మల్ల బెంచీలెందుకు జరుపుతున్నరు?"

"బెంచీలెక్కడియి లచ్చమ్మా!" అని ఆమె మీద సుత అరిసిన.

ఆమె నోరు తెరిసి చూసింది. ఔను, లేవు కదా అన్నది. అనుకుంటనే చేట, దీపం పట్టుకోని వాళ్ళ గదిలకు పోయి గడియ పెట్టుకున్నది.

ఆ రాత్రి ఫియోనా మా ఇంట్లనే పండుకున్నది. అమ్మ పక్కన చాప ఏసుకోని, ఆ తెల్ల పిల్ల, నేను, లైటు ఆర్పకుండ. ఇద్దరం నిద్రపోలే. ఆమె మీద కోపం ఎటు పోయిందో పోయింది. గాని సార్ మీద మాత్రం పోలే. అది ఇప్పటికీ పోలే.

ఆదివారం చర్చి అయినంక బొల్లారం పోయినం. సార్ కొత్త అంగీ ఏసుకోని గేటు కాడ నిలబడి ఉన్నడు. ఫియోనా నేరుగ ఆయన ముందటికి పోయింది.

"నేను ఈ క్లాసు తీసుకోను" అన్నది. "కూసోమంటే వాళ్ళు నా మాట వినలే. గ్రేస్ చెప్పంగనే విన్నరు. ఇది ఆమె క్లాసు. నువ్వు నాతోని అబద్ధం చెప్పినవు."

సార్ మొఖం మాడిపోయింది. మా బ్యాచ్ ఆడోళ్ళ గురించే చెప్తున్నదనుకున్నడు ఆయన. "ఏం బ్యాచ్ తయారుచేసినవమ్మా, తెల్లామె మాట సుత వినరా" అని నా మీద గులిగి, "సరే, నువ్వే తీసుకో. కంపెనీవాళ్ళు వచ్చే టైమైంది" అన్నడు. నేను సరిదిద్దలే. ఆయనకు నిజం చెప్పాల్సిన పని నాకేంది? తర్వాత ఎప్పుడో చెప్తే, రైలు సప్పుడు అని నవ్విండు. బొల్లారం స్టేషన్ దగ్గర్నే కదా, పట్టాల మీద చక్రాలు గట్లనే రాసుకుంటయి అన్నడు. అయ్యుండొచ్చు. నేను గుడీవినింగ్ అన్నప్పుడు ఒక రైలు, సిట్ డౌన్ అన్నప్పుడు ఇంకో రైలు! ఫియోనా రెండుసార్లు అన్నప్పుడు మాత్రం రైళ్ళు రాలే.

హాలు లోపటికి పోను అని చెప్పిన. వరండాల ఎండ పడుతున్నది, అక్కడ్నే కుర్చీలు ఏయించిన. వరసలల్ల. నా వాళ్ళు వచ్చిన్రు, లేసి నిలబడి రాగం తీసిన్రు. ఈసారి పద్మ గొంతు అందరికంటె పెద్దగ ఉండె. కంపెనీవాళ్ళు చూసిన్రు, చప్పట్లు కొట్టిన్రు. ఫియోనా ఎనక నిలబడ్డది. తనే పోయి నిలబడ్డది, నేను చెప్పలే.

సాయంత్రం కాప్రా చెరువు కాడికి తోలుకపోయిన. మాట తప్పుడెందుకు అని. గట్టు మీద కూసోని కాల్చిన మక్క కంకులు తింటున్నం. పక్షులు దిగుతున్నయి నీళ్ళ మీదికి. ఆమె సంబురంగ ఎగిరి ఎగిరి చూస్తదనుకున్న. చూస్తలేదు. చేతుల కంకి పట్టుకోని ఏదో ఆలోచిస్తున్నది.

"గ్రేస్, నిన్న నేను బై అంటే ఎవరు పోలే కదా. నువ్వేదో అన్నంక పోయిన్రు. ఏమంటవు అప్పుడు?"

"యూ మే గో అంట."

ఆమె నా దిక్కు తిరిగింది.

"రాత్రి అన్నవా?"

...

అనలే.

కూసోమన్న. ఉరికిన. గంతే. పొమ్మని చెప్పలే.

కంకి చేతుల అట్లనే చల్లారిపోయింది. మనం ఇద్దరం పోయి చెప్పి వద్దామా అన్నది ఫియోనా. రేపు అన్న నేను. ఆ రేపు రాలే. సార్ ఆ హాలు ఖాళీ చేసి క్లాసులు సికింద్రాబాద్‌కే మార్చిండు. బడికి తాళం పడ్డది. ఆమె వాళ్ళ దేశం పోయింది. ఇప్పటికీ ఎప్పుడన్న ఫోన్ చేస్తే, ఎట్లున్నవు అని సుత అడగదు. "పోయినవా గ్రేస్?" అంటది.

పోలే. ఊరందరి మీద నోరేసుకోని పడతనని పేరు నాకు. తర్వాత ఒకనాడు సార్‌ను సుత నిలబెట్టి కడిగిన, బస్సుల కండక్టర్లను కడుగుత. ఆ తలుపు కాడికి పోయి మూడు ముక్కలు అనమంటే మాత్రం కాళ్ళు రావు. ఆ దిక్కు బస్సు పోతే కిటికీల నుంచి మొఖం తిప్పుకుంట. నా మీద నాకే ఒళ్ళు మండుతది. వాళ్ళ మీద సుత మండుతది... ఎవరు లేవమన్నరు మిమ్మల్ని? ఎవరికోసం లేసిన్రు?

దయ్యాలో, రైలో, నా దిమాకే ఖరాబైందో నాకు తెల్వదు. ఒట్టు, ఇప్పటికీ తెల్వదు. గాని ఎవరైనా సరే... మంచిగ నేర్చుకున్నోళ్ళు. ఒక్కసారి చెప్తే కూసున్నరు. అసొంటోళ్ళు మేడం చెప్పకుండ లేవరు.

ఏందే రజితా, నవ్వుతలేవు?